సండే స్కూల్ మ్యాజిక్ కిట్: లోటా కొనండి, పెట్టె వద్దు

‘సువార్త మ్యాజిక్’ పేరుతో అమ్మే కిట్లకు లేబుళ్లు వేరుగా ఉంటాయి గానీ, మూత తీస్తే లోపలి సామాను ఇంచుమించు ఒకటే. ఒక మఖమల్ సంచి, నాలుగు రంగుల సిల్కు రుమాళ్లు, పొడవు తేడా ఉన్న మూడు తాళ్లు, ఒక బొమ్మల పుస్తకం, రుమాలు దాచడానికి వేలికి తొడిగే ప్లాస్టిక్ బొటనవేలు, వేలి కొసన వెలిగే ఎర్ర లైటు, ఒక పాఠాల పుస్తకం. పెద్ద పెట్టెల్లో అదనంగా, ఖాళీ చేసినా మళ్లీ నిండే లోటా, రెండు రసాయనాల పొట్లాలు, తెరవగానే మంట లేచే ఉత్తుత్తి పుస్తకం. మే నెల వీబీఎస్ (పిల్లలకు సెలవుల్లో జరిపే బైబిల్ స్కూల్) కోసం వీటిలో ఏది కొనాలా అని చూస్తున్న సండే స్కూల్ టీచర్లకు ముందే తేల్చి చెప్పొచ్చు. పెట్టె మొత్తం కొనడం దండగ. లోటా, సంచి డబ్బు పెట్టి కొనదగ్గవి. తాళ్లు ఇంట్లోనే చేసుకోవచ్చు. రసాయనాల కంటే మందుల షాపులో దొరికే అయోడిన్ సీసా నయం. మంట పుస్తకాన్ని ముట్టుకోకండి.

ఇలాంటి వస్తువును తూకం వేయాల్సింది పనితనం ఒక్కదానితోనే కాదు. పిల్లలు ‘ఆఁ’ అని నోరు తెరిచే క్షణం, పాఠం బుర్రకెక్కే క్షణం రెండూ ఒకటేనా అన్నది అసలు పరీక్ష. రుమాలు మాయమైంది సరే, తర్వాత మూడు నిమిషాలు ఉపన్యాసం చెప్పి దాన్ని వాక్యానికి అతికించాల్సి వస్తే ఆ పాఠం నిలవదు. పిల్లలు ఇంటికి వెళ్లి రుమాలు గురించే చెబుతారు. కిట్‌తో వచ్చే పాఠాల్లో సగానికి సగం ఈ పరీక్షలో తప్పుతాయి.

ఇంకో పరీక్ష ఇంతకంటే గట్టిది. పెద్ద పెట్టెల్లోని పొట్లాలు కానా పెండ్లి పాఠం కోసం, అంటే యేసు నీళ్లను ద్రాక్షారసంగా మార్చిన కథ కోసం ఇస్తారు. ఒక గ్లాసు అడుగున చిటికెడు ఫినాఫ్తలీన్, రెండో గ్లాసులో వాషింగ్ సోడా కలిపిన నీళ్లు. ఒకదాంట్లో ఒకటి పోస్తే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. చూడ్డానికి బాగుంటుంది. కానీ అదే పిల్లాడికి రెండేళ్ల తర్వాత స్కూల్ ల్యాబ్‌లో అదే ఫినాఫ్తలీన్ చూపిస్తారు. వాడు అక్కడికక్కడే ఒక లెక్క వేసుకుంటాడు: యేసు చేసిందీ ఇలాంటిదేనేమో. బైబిల్లోని అద్భుతాన్ని ట్రిక్కుతో చేసి చూపడమంటే ఆ అద్భుతాన్ని ట్రిక్కు స్థాయికి దించడమే. క్షమాపణ, కృప, ఐక్యత లాంటి కంటికి కనబడని సంగతులకు ఉపమానంగా వాడుకోండి. నీళ్లు ద్రాక్షారసం కావడం, ఐదు రొట్టెలు, సారెపతు విధవరాలి నూనె, వీటి జోలికి మాత్రం పోకండి. పైగా ఆ గులాబీ నీళ్లు తాగేవి కావు. ఫినాఫ్తలీన్ ఒకప్పుడు విరేచనాల మందు. బల్ల మీద వదిలేస్తే మే ఎండలో దాహమేసిన పిల్లాడు గ్లాసెత్తి తాగేస్తాడు. (ఫినాఫ్తలీన్ అయిపోయిందని పసుపు, సున్నం కలిపి ఎర్రనీళ్లు చేద్దామనుకునేవారికి ఒక మాట: ఆ నీళ్లు దిష్టి తీసే పళ్లెంలో చూడని పిల్లలు హైదరాబాద్‌లో తక్కువ. మీరు చెప్పబోయే పాఠం మధ్యలో వాళ్ల నాయనమ్మ వచ్చి నిలబడుతుంది.)

ఇక లోటా సంగతి. పేరుకే లోటా, ఆకారానికి మన చెంబే. ఇందులో గోడలు రెండు. రెండు గోడల మధ్య నీళ్లు నిలిచే ఖాళీ ఉంటుంది. లోపలి గోడ అడుగున ఒక సన్నని రంధ్రం, బయట మెడ దగ్గర గాలి కోసం మరొకటి. మెడ దగ్గరి రంధ్రాన్ని బొటనవేలితో మూసి వంచితే లోపలి నీళ్లే ఒలుకుతాయి, గోడల మధ్య నీళ్లు కదలవు. బల్ల మీద పెట్టి వేలు తీస్తే గాలి వెళ్లి, ఆ నీళ్లు అడుగు రంధ్రం గుండా లోపలికి ఊరతాయి. ఖాళీ అయిందని అందరికీ చూపించిన చెంబులో మళ్లీ నీళ్లు. ప్రపంచమంతటా మ్యాజిక్ షోల్లో ‘వాటర్ ఆఫ్ ఇండియా’ అని పేరుపడ్డ పాత ట్రిక్కు ఇది.

పాఠానికి ఇది ఎందుకు సరిపోతుందంటే, ఊరడానికి కొంత సమయం పడుతుంది. రంధ్రం సైజును బట్టి పది సెకన్లో, ఇరవై సెకన్లో. ఆ వ్యవధిలో మీరు వేరే పని చేయాలి. కాబట్టి ఒకేసారి వరసగా ఒలకబోయకుండా క్లాసు పొడుగునా వాడండి. ప్రార్థన అయ్యాక ఒకసారి ఒంపండి, యాక్షన్ సాంగ్ అయ్యాక ఒకసారి, కథ మధ్యలో ఒకసారి, కంఠత వాక్యం చెప్పించాక ఇంకోసారి. మూడోసారికి మీరు చెంబు దగ్గరికి నడవక ముందే పిల్లలు నవ్వడం మొదలుపెడతారు. అప్పుడు దేవుని వాత్సల్యత తరగదని చెప్పే విలాపవాక్యములు 3:22-23 చెప్పండి, ‘అనుదినము నూతనముగా’ అన్న మాట దగ్గర ఒంపండి. వివరణ అక్కర్లేదు.

కొనేటప్పుడు చూడాల్సినవి ఉన్నాయి. నిండా నీళ్లు పోసి, లోపలి మట్టం దిగడం ఆగేదాకా మళ్లీ మళ్లీ నింపి, పొడి న్యూస్‌పేపర్ మీద పది నిమిషాలు ఉంచండి. కాగితం తడిస్తే అతుకు కారుతోందన్నమాట, వద్దనండి. గాలి రంధ్రం మీ బొటనవేలు సహజంగా పడే చోట ఉందో లేదో పట్టుకుని చూడండి. మెడకు మరీ కిందికి ఉంటే పట్టు అసహజంగా కనిపిస్తుంది. రంగు పూసిన అల్యూమినియం లోటాలు తేలికే గానీ పెచ్చులూడతాయి. ఇత్తడిది గానీ స్టీలుది గానీ తీసుకోండి. ఒంపినప్పుడల్లా వచ్చే నీళ్లు కొంచెం కొంచెం తగ్గుతూ పోతాయి కాబట్టి, మొదటిసారి పెద్ద జగ్గులోకి, చివరిసారి చిన్న గ్లాసులోకి ఒంపితే తేడా తెలియదు.

హైదరాబాద్‌లో లోటాను చంపేది బోరు నీళ్లు. ఆ నీళ్లలోని సున్నం అడుగు రంధ్రంలో పేరుకుని కొన్ని నెలల్లో మూసుకుపోతుంది. అప్పుడు చెంబు రెండోసారి నిండదు, మీరు స్టేజీ మీద ఖాళీ చెంబు వంచి నిలబడతారు. కుళాయికి వచ్చే మంచినీళ్లే వాడండి. పని అయ్యాక పూర్తిగా ఒంపి, బోర్లించి, గాలి రంధ్రం తెరిచి ఆరబెట్టండి. ఇప్పటికే మూసుకుపోయి ఉంటే వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి రాత్రంతా నింపి ఉంచితే సాధారణంగా తెరుచుకుంటుంది. సూదితో పొడిస్తే రంధ్రం పెద్దదై నీళ్లు మరీ వేగంగా ఊరతాయి, గుడగుడమని శబ్దం కూడా వస్తుంది.

పాపక్షమాపణ పాఠానికి కిట్లోని ఏ వస్తువూ అయోడిన్‌కు సాటి రాదు, అది కిట్లో లేకపోయినా సరే. కావలసినవి: మందుల షాపులో దొరికే 5 శాతం పోవిడోన్ అయోడిన్ ద్రావణం, 500 మిల్లీగ్రాముల విటమిన్ సి మాత్ర ఒకటి, 200 మిల్లీలీటర్ల పారదర్శకమైన గ్లాసు. సగం మాత్రను మెత్తగా నూరి 50 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి, గుడ్డలో రెండుసార్లు వడకట్టి పెట్టుకోండి. గ్లాసు నీళ్లలో పది పదిహేను చుక్కల అయోడిన్ వేస్తే పల్చని టీ రంగు వస్తుంది. చుక్క చుక్కకూ ఒక పేరు పెట్టండి: అబద్ధం, తమ్ముణ్ని కొట్టడం, పరీక్షలో కాపీ. పేర్లు పిల్లలే చెబితే మరీ మంచిది. తర్వాత వడకట్టిన నీళ్లు ఒక చెంచా పోసి తిప్పితే రంగు విరిగిపోయి గ్లాసు తేటపడుతుంది. యేసు రక్తం పాపాన్ని కడుగుతుందనే 1 యోహాను 1:7 అప్పుడే చదవాలి. విటమిన్ సి అయోడిన్‌ను రంగులేని అయొడైడ్‌గా మారుస్తుంది, జరిగేది అంతే.

ఇందులో చెడేవి నాలుగు. ఆరెంజ్ రంగు చప్పరించే మాత్ర కొంటే నీళ్లకు ఆ రంగే మిగులుతుంది, తెల్ల మాత్ర అడగండి. వడకట్టకపోతే మాత్రలోని పిండి పదార్థం నీళ్లను మసకచేస్తుంది. ఆపరేషన్ చేతులు కడుక్కునే రకం అయోడిన్ తెస్తే సబ్బు నురగ వస్తుంది. విటమిన్ నీళ్లు ముందు రోజే కలిపి ఉంచితే బలం తగ్గుతుంది, ఆ పూటకు ఆ పూటే కలుపుకోండి. ‘రక్తం’ అని తెలియాలని ఆ నీళ్లకు ఎర్ర రంగు కలిపేవారూ ఉన్నారు. అలా చేస్తే గ్లాసు తేటపడదు, ఎర్రగా ఆగిపోతుంది. రక్తం సంగతి నోటితో చెప్పండి.

ఈ పాఠంలో అసలు రుచి చివర్లో ఉంది. ఒక చెంచాలో 25 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటే, పదిహేను చుక్కల్ని తేల్చడానికి మూడు మిల్లీగ్రాములైనా ఖర్చు కాదు. మిగిలినదంతా గ్లాసులోనే ఉంటుంది. కాబట్టి మళ్లీ అయోడిన్ చుక్క వేస్తే, పడిన చోట క్షణం గోధుమరంగు చుట్ట తిరిగి మాయమవుతుంది. పాపం ఒప్పుకుంటే క్షమిస్తాడనే 1 యోహాను 1:9కి ఇంతకంటే మంచి బొమ్మ దొరకదు. అయితే పదేళ్ల పైబడిన క్లాసులో ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు: ‘అయితే ఎన్ని తప్పులు చేసినా పర్లేదా టీచర్?’ కృప పెరగాలని పాపం చేస్తూ ఉందామా అని అడిగే రోమా 6:1 దగ్గర కాగితం పెట్టుకుని ఉండండి.

మఖమల్ సంచి అంటే లోపల ఒక అర ఉండి, పిడి తిప్పితే అది ఒక పక్క నుంచి ఇంకో పక్కకు వాలే సంచి. ఒక రుమాలు వేసి వేరేది తీయవచ్చు. కిట్లలో వచ్చేవాటిలో తేడా అంతా కుట్టులో ఉంటుంది. అర గుడ్డ సంచి అడుగుదాకా కుట్టారా, పైపైన వదిలేశారా చూడండి. వదిలేస్తే దాచిన రుమాలు అడుగున జారి మొదటిదానితో చుట్టుకుంటుంది, రెండూ కలిసి బయటికొస్తాయి. పిడి తిప్పినప్పుడు ‘టిక్’మని శబ్దం రాకూడదు. లోపలి గుడ్డ నల్లగా కాక ముదురు రంగు పూల డిజైన్‌తో ఉంటే అర అంచు కనబడదు. అడుగున జిప్ ఉన్న రకం దొరికితే అదే తీసుకోండి, చెయ్యి ఆ పక్క నుంచి ఈ పక్కకు దూర్చి చూపిస్తే ఎంత తెలివైన పిల్లాడికీ అనుమానం రాదు. రుమాళ్లు మాత్రం కిట్లవి పారేయండి. అవి గట్టి పాలిస్టర్‌వి, గుప్పిట్లో అణగవు. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో పల్చని సిల్కు మీటరు లెక్కన తీసుకుని 30 సెంటీమీటర్ల చదరాలుగా కత్తిరించి, అంచులు సన్నగా మడిచి కుట్టిస్తే కిట్టు రుమాళ్ల కంటే మెరుగ్గా పనిచేస్తాయి.

ఈ సంచితో చెప్పే పాఠం రంగుల పాఠమే. దీనికి వెనక చరిత్ర ఉంది. 1866లో లండన్‌లో ప్రసంగీకుడు స్పర్జన్ నలుపు, ఎరుపు, తెలుపు పేజీలతో అక్షరాల్లేని పుస్తకం గురించి చెప్పాడు. 1875లో అమెరికా ప్రసంగీకుడు మూడీ బంగారు రంగు చేర్చాడు. ఆకుపచ్చ తర్వాత వచ్చింది. కిట్‌తో వచ్చే పాఠాల పుస్తకం దీన్ని అనుసరిస్తూ ‘నల్లని హృదయం’ అంటూ నాలుగైదుసార్లు అంటుంది. ఆ మాట మార్చి తీరాలి. ముందు వరసలో కూర్చున్న నల్లటి పిల్ల, ఇంట్లోనూ బడిలోనూ రంగు గురించి మాటలు పడుతున్న పిల్ల, ‘నలుపు అంటే పాపం, తెలుపు అంటే దేవుడికి ఇష్టం’ అని టీచరమ్మ నోట వింటే ఆ పాఠం ఏం చేస్తుందో ఊహించుకోవచ్చు. చీకటి పేజీ అనండి, సిరా మరక అనండి. రుమాలు కూడా నల్లది కాకుండా బురద మరకలు అద్దిన తెల్ల గుడ్డ వాడితే సమస్యే లేదు: అదే గుడ్డ, మరక పోయింది. పాపాలు మంచులా తెల్లబడతాయనే యెషయా 1:18కి కూడా అదే దగ్గర.

తాళ్ల ట్రిక్కు మంచిదే, కిట్టు తాళ్లు పనికిరావు. అవి నైలాన్‌వి, మెలిక వేసిన చోట స్ప్రింగులా విప్పుకుంటాయి. 8 మిల్లీమీటర్ల మెత్తటి నూలు తాడు తెచ్చి లోపలి నార లాగేసి, 25, 65, 105 సెంటీమీటర్లకు కోయండి. సూత్రం ఒకటే: చిన్నదీ పెద్దదీ కలిపితే మధ్యదానికి రెట్టింపు కావాలి. కొసలను ఫెవికాల్‌లో ముంచి ఆరబెడితే పీచు లేవదు. మూడు తాళ్ల పైకొసలు ఎడమ చేతిలో పట్టుకుని, చిన్నదాని కింది కొసను పెద్ద తాడు నడుం చుట్టూ తిప్పి పైకి తెచ్చి, మిగతా రెండింటి కొసలూ పైకి చేర్చాలి. చిన్నదాని రెండు కొసలు, మధ్యదాని ఒక కొస ఎడమ చేతిలో ఉంచి, మిగిలిన మూడు కొసలు కుడి చేత్తో లాగితే మూడూ సమానంగా కనబడతాయి. మెలిక ఎడమ గుప్పిట్లో ఉంటుంది. పొడుగు తాడు మంచి మార్కుల పిల్లాడు, పొట్టి తాడు ఎప్పుడూ తిట్లు తినేవాడు, చివరికి రోమా 3:22-23: ఏ భేదమూ లేదు. బాగా అతుకుతుంది. పిల్లలు తాడు చేతికిమ్మంటారు, ఇవ్వకండి. మళ్లీ మూడింటినీ విడివిడిగా చూపించాకే బల్ల మీద పెట్టండి.

తాళ్లు కుదరని చేతులకు కాగితపు ఉంగరాలున్నాయి. పాత న్యూస్‌పేపర్ చాలు. 8 సెంటీమీటర్ల వెడల్పు, మీటరు పొడవున్న మూడు పట్టీలు తీసుకోండి. మొదటిదాన్ని మెలిక లేకుండా, రెండోదాన్ని ఒక పూర్తి చుట్టు తిప్పి, మూడోదాన్ని అరచుట్టు తిప్పి అతికించండి. నడిమికి కత్తిరిస్తే మొదటిది రెండు ఉంగరాలై విడిపోతుంది. రెండోది రెండై కూడా ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని ఉంటుంది. మూడోది విడిపోనే విడిపోదు, రెట్టింపు పెద్ద ఉంగరమవుతుంది. దేవుని ప్రేమ నుంచి మనల్ని ఏదీ విడదీయలేదనే రోమా 8:38-39కి ఇది నేరుగా సరిపోతుంది. మధ్యలో పెన్సిల్ గీత తప్పనిసరి. అరచుట్టు ఉంగరాన్ని మూడో వంతు దగ్గర కత్తిరిస్తే కత్తెర రెండుసార్లు తిరిగి, చిన్నదొకటి పెద్దదొకటి చిక్కుపడి వస్తాయి, మీ పాఠం అడ్డం తిరుగుతుంది. ఉంగరాలు తారుమారు కాకుండా లోపలివైపు చుక్కలు పెట్టుకోండి.

మిగతావి త్వరగా. బొమ్మల పుస్తకం పేజీల అంచులు మెట్లుగా కోసి ఉంటాయి, వేలు ఎక్కడ పెట్టి తిప్పితే ఆ రకం పేజీలే తెరుచుకుంటాయి: ఖాళీ, గీతల బొమ్మ, రంగుల బొమ్మ. పల్చని కాగితమైతే వెలుతురుకు రంగులు వెనక నుంచి కనబడతాయి. కిటికీకి వీపు పెట్టి నిలబడకండి. హైదరాబాద్ నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో ఇలాంటివి అమ్ముతారు కాబట్టి ఎనిమిదేళ్లు దాటినవాళ్లకు గుట్టు తెలిసే ఉంటుంది. ప్లాస్టిక్ బొటనవేలు గులాబీ రంగుది, మన చేతికి అతకదు. మూడు మీటర్ల దూరంలో, వేలు పిల్లల వైపే చూపుతూ, ఆపకుండా కదిలిస్తే గడుస్తుంది, అంతకంటే దగ్గరైతే వద్దు. వదులుగా ఉంటే లోపల స్పాంజి ముక్క అతికించండి. ఎర్ర లైటు చీకట్లో అందం. వీబీఎస్ పొద్దున పది గంటలకు షామియానా కింద జరుగుతుంది, అక్కడ వెలిగిందో లేదో మీకే తెలియదు. ఆ షామియానా కిందే మంట పుస్తకాన్ని తెరవమంటారు తయారీదారులు. లైటర్ ద్రవం, పల్చటి గుడ్డ పందిరి, నేల మీద జంపఖానా, వంద మంది పిల్లలు. చెప్పేదేముంది.

ఆరేళ్లలోపు పిల్లలకు ఇవేవీ చూపించకండి. ఆ వయసులో ఉపమానం అందదు, ‘అంకుల్‌కు శక్తి ఉంది’ అన్నదొక్కటే మిగులుతుంది. పెద్దపిల్లలకైనా మొదటి మాట ఇదే కావాలి: ‘ఇది చేతి ఉపాయం, నా దగ్గర ఏ శక్తీ లేదు.’ సంఘంలో పెద్దలెవరైనా జోస్యాలనూ మంత్రాలనూ నిషేధించే ద్వితీయోపదేశకాండము 18 తెరిచి, అపొస్తలుల కార్యములు 8లోని గారడీ సీమోనును గుర్తుచేసి అభ్యంతరం చెబితే వాదన పెట్టుకోకుండా రిహార్సల్‌కు పిలిచి గుట్టు మొత్తం చూపించండి. జోస్యాలూ మంత్రాలూ వేరు, అడుగున రంధ్రమున్న చెంబు వేరు అని కళ్లారా చూస్తే చాలామంది మెత్తబడతారు. అప్పటికీ ఒప్పుకోకపోతే వస్తుపాఠం అని పేరు పెట్టి అయోడిన్, కాగితపు ఉంగరాలతో సరిపెట్టుకోండి, అవి పచ్చి సైన్సు. కథోలిక సంఘాల్లో ఈ గొడవ తక్కువ. కథోలికులు పునీతుడిగా గౌరవించే డాన్ బోస్కో 19వ శతాబ్దపు ఇటలీలో కుర్రాళ్లను పోగుచేసి గారడీ చూపి, ప్రార్థన చేయించి, విన్న ప్రసంగం తిరిగి చెప్పేవాడని అక్కడ అందరికీ తెలుసు. వేరే మతాల పిల్లలు కూడా వీబీఎస్‌కు వస్తారు కాబట్టి, మ్యాజిక్ షో అని మాత్రమే రాసి కరపత్రం పంచడం న్యాయం కాదు. బైబిలు పాఠాలని స్పష్టంగా రాసి, తల్లిదండ్రుల సంతకం తీసుకోండి.

పాఠాల పుస్తకం గురించి రెండు ముక్కలు. ఒక్కో ట్రిక్కుకు మూడు నాలుగు పేజీల మాటలు రాశారు. చదివితే పది నిమిషాలు పడుతుంది, ట్రిక్కు అయ్యేది నిమిషంన్నరలో. ఒక వాక్యం, ఒక ప్రశ్న, ఐదు నిమిషాలు మించకుండా మీరే రాసుకోండి. ఫ్యాను కట్టేయండి, రుమాళ్లూ కాగితాలూ నిలవవు. పిల్లల్ని ఎదురుగా, అర్ధచంద్రాకారం కాకుండా వరసల్లో, మొదటి వరస రెండు మీటర్ల దూరంలో కూర్చోబెట్టండి. పక్క నుంచి చూసేవాడికి లోటా గాలి రంధ్రమూ, సంచి అంచూ కనబడతాయి. ఒక క్లాసుకు రెండు ట్రిక్కులు చాలు. మూడోది పెడితే కంఠత వాక్యం అప్పజెప్పేవాడు ఉండడు.

కొన్ని దుకాణాలు కిట్టు విడదీసి అమ్మవు. అడిగి చూడండి. లోటా, సంచి విడిగా ఇస్తే తీసుకోండి. నూలు తాడు, గాజు గ్లాసులు బేగంబజార్‌లో టోకు ధరకు దొరుకుతాయి. ఆన్‌లైన్‌లో సంచి కొన్నా ఫరవాలేదు, కుట్టు బాగోకపోతే దర్జీ సరిచేస్తాడు. లోటా మాత్రం నీళ్లు పోసి చూడనివ్వని దుకాణంలో కొనకండి.